ఎలక్ట్రిక్ గిటారునకు టేపు ప్రతిధ్వని

వీణయు వయొలిన్‌ను వినబడుచుండిన మన యిండ్లలో నేడు ఎలక్ట్రిక్ గిటారును వినబడుచున్నది. గిటారు కొన్నాము, ఆంప్లిఫయరు కొన్నాము, ఇక ఖర్చు తీరినదని తల్లి తలంచుచుండగా, కుమార్తెయో కుమారుడో వచ్చి “డిలే పెడలు కావలెనమ్మా, అదియు టేపు ధ్వని నిచ్చునదే కావలెను” అని యడుగుట కలదు. వెల విచారించినచో కొన్ని వేలతో ముగియునవి కలవు. పదుల వేలు దాటునవియు కలవు. చూచుటకు మాత్రము అన్నియు రెండు మూడు మీటలు గల చిన్న లోహపు పెట్టెలే. ఇంటి జమాఖర్చులు చూచుకొను గృహిణి యిట్టి సమయమున దుకాణదారుని మాటనో పిల్లల పట్టుదలనో నమ్మి సొమ్ము చెల్లింపవలసి వచ్చుచున్నది. ఆ యవసరము లేదని మా యభిప్రాయము. తంబుర శ్రుతి తప్పినప్పుడు పసిగట్టగల చెవి యున్నచో, ఈ వస్తువును పరీక్షించుటకు అదియే చాలును. అయితే దేనిని వినవలెనో ముందుగా తెలిసియుండవలెను.

లోతైన బావిలోనికి తొంగిచూచి ఒక పిలుపు పిలిచినచో ఆ పిలుపే మరల పైకి వచ్చును. ధ్వని సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. కావున 17 మీటర్ల దూరమున నున్న గోడకు తగిలి తిరిగి వచ్చుటకు సెకనులో పదియవవంతు పట్టును. ఈ యాలస్యమునే యింగ్లీషున డిలే యందురు. గిటారు తీగ మీటినప్పుడు పుట్టిన స్వరమును పట్టియుంచి, కొంత యాలస్యముగా, ఒకసారియో పలుమారులో మరల వినిపించుటయే డిలే పెడలు చేయు పని. గిటారు వాయించువారు కాలితో నొక్కి దీనిని పనిచేయింతురు గనుక పెడలు అను పేరు వచ్చినది.

టేపు డిలే యనగానేమి? పూర్వము ఈ పనిని అయస్కాంతపు టేపు చేసెడిది. చుట్టగా తిరుగుచుండు టేపుపై ఒక హెడ్డు స్వరమును వ్రాయును. కొంచెము దూరమున నున్న మరియొక హెడ్డు దానిని చదివి వినిపించును. వేరొక హెడ్డు పాత వ్రాతను చెరిపి, టేపును మరల వ్రాతకు సిద్ధముచేయును. టేపు సెకనునకు ఏడున్నర అంగుళములు నడచునప్పుడు, రెండు హెడ్ల నడుమ రెండంగుళముల యెడమున్నచో ఆలస్యము సుమారు 267 మిల్లీసెకనులగును. వేగమును రెట్టింపు చేసిన ఆలస్యము సగమగును. వినిపించిన స్వరమును తిరిగి వ్రాత హెడ్డునకు పంపినచో రెండవ ప్రతిధ్వని, మూడవ ప్రతిధ్వని, ఈ విధముగా వరుసగా పుట్టుచుండును.

ఈ విద్యకు పుట్టినిల్లు అమెరికా. 1951లో ప్రసిద్ధికెక్కిన ‘హౌ హై ది మూన్’ పాటను లెస్ పాల్, మేరీ ఫోర్డు దంపతులు తమ యింటిలోనే రికార్డు చేసిరి. అందు ఒకే గొంతు, ఒకే గిటారు పలుమారులు పొరలు పొరలుగా వినబడును. మేరీ ఫోర్డు గాయని మాత్రమే కాదు; గిటారు వాయించుటలోను నేర్పరి. మెంఫిస్ నగరమున సామ్ ఫిలిప్సు తన సన్ స్టూడియోలో టేపు యంత్రముల సాయమున ఎల్విస్ ప్రెస్లీ పాటలకు వెంటనే తట్టి తిరిగివచ్చు పొట్టి ప్రతిధ్వనిని కల్పించెను. ఆ 1950ల నడిమి కాలముననే రే బట్స్ అను నాతడు టేపు యంత్రమును ఆంప్లిఫయరులోనే యమర్చెను. చెట్ అట్కిన్సును, ఎల్విస్ ప్రక్కన గిటారు వాయించిన స్కాటీ మూరును దానిని వాడిరి. 1958లో లండనునందు చార్లీ వాట్కిన్సు ‘కాపీక్యాట్’ను అమ్మకమునకు పెట్టెను. 1960 ప్రాంతమున అమెరికాలో మైక్ బాటిల్ రూపొందించిన ‘ఎకోప్లెక్స్’ వచ్చినది. జపానులో రోలాండు కంపెనీ 1974లో ‘స్పేస్ ఎకో ఆర్.ఇ. 201’ను వెలువరించెను. నేటి పెడళ్లలో పెక్కు ఈ కడపటి రెండింటికి అనుకరణములే.

ఈ యంత్రములకు లోపములు లేకపోలేదు. ప్రతి తిరుగుడునకు స్వరములోని సన్నని పదను కొంత తరిగిపోవును. మోటారును రబ్బరు చక్రమును ఎంత బాగుగా నడచినను టేపు వేగము ఒక్కరీతిగ నుండదు. అందుచే స్వరము సన్నగా ఊగును. గట్టిగా మీటిన స్వరము టేపుపై పట్టక, అంచులు మెత్తబడి గుండ్రముగా వినబడును. ఇంజనీర్లు వీనిని దోషములనిరి. కాని సంగీతమునకు ఆ దోషములే మేలు చేసినవి. మొదటి స్వరము స్పష్టముగా ముందు నిలువగా, ప్రతిధ్వనులు ఒకదానికంటె ఒకటి మసకబారుచు, దూరమునకు నడచిపోవుచున్నట్లు వెనుకకు తగ్గును. వాయించు నామెకు తరువాతి స్వరమునకు చోటు మిగులును.

1983లో బాసు కంపెనీ డి.డి. 2 అను డిజిటల్ డిలే పెడలును తెచ్చినది. అది 800 మిల్లీసెకనుల వరకు ఆలస్యము చేయగలిగినది. టేపు అరుగుట లేదు, ఊగుట లేదు. కాని అట్టి నిర్మలమైన ప్రతిధ్వని అసలు స్వరమంత పదునుగనే యుండి, తరువాత మీటిన స్వరముతో పోటీపడును. వాయించువారికి పాత టేపుపై మరల మనసు పోవుటకు ఇది యొక కారణము. అయినను పాత యంత్రమును కొని యింట నుంచుకొనుట సులభము కాదు. టేపు మార్చుచుండవలెను, హెడ్లు తుడుచుచుండవలెను, అరిగిన భాగములకై వెదకవలెను. కావుననే టేపు గుణముల ననుకరించు పెడళ్లకు ఇంత గిరాకి.

దుకాణమున ‘అనలాగ్ డిలే’ యని మరియొక జాతి కనబడును. అది టేపు కాదు. ఫిలిప్సు సంస్థలో 1969లో కనుగొన్న ‘బకెట్ బ్రిగేడ్’ చిప్పు దానికి మూలము. మంట లార్పుటకు వరుసగా నిలిచినవారు నీళ్ల బక్కెట్లను చేతినుండి చేతికి అందించుకొనునట్లు, విద్యుత్సంకేతము ఒక గదినుండి మరియొక గదికి సాగుచు ఆలస్యమగును. దాని ప్రతిధ్వనియు మసకగనే యుండును. వెలయు పెక్కింటికి తక్కువ. కాని టేపు వేగము మారుటవలన కలుగు ఊగు అందు సహజముగా నుండదు. పిల్లలు కోరునది మెత్తని ప్రతిధ్వని మాత్రమే యైనచో దీనితో సరిపెట్టుకొనవచ్చును.

టేపు ననుకరించు పెడళ్లలో ముఖ్యముగ రెండు తీరులు కలవు. ఎకోప్లెక్స్ తీరున ఒకే ప్రతిధ్వని వరుస యుండును. పాటకు వెనుక మెత్తని నీడవలె నిలుచును. క్యాటలిన్‌బ్రెడ్ వారి బెల్ ఎపాక్, డన్‌లప్ వారి ఎకోప్లెక్స్ డిలే ఈ కోవలోనివి. స్పేస్ ఎకో తీరున అనేక హెడ్లు ఒకేసారి పలుకుటచే ప్రతిధ్వనులే యొక లయగా అల్లుకొనును. రోలాండు కుటుంబమునకే చెందిన బాసు వారు 2022లో వెలువరించిన ఆర్.ఇ. 202, ఆర్.ఇ. 2 ఈ వంశమువి. స్ట్రైమన్ వారి ఎల్ క్యాపిస్తాన్ ఒక హెడ్డు తీరును, పలు హెడ్ల తీరును రెండింటిని చూపును; టేపు వయస్సునకు ఒకటి, ఊగునకు ఒకటి వేరువేరు మీటలు దానికి కలవు. పాట ప్రక్కన వాయించువారికి మొదటి తీరు చాలును. ఒంటరిగా ధ్వనిచిత్రములు కల్పించువారికి రెండవది పనికివచ్చును.

ఇక పరీక్ష. పిల్లల గిటారునే దుకాణమునకు తీసికొనిపోవలెను. ఇంటిలోనిదానికి సరియగు ఆంప్లిఫయరుపై వాయింపుమనవలెను. మొదట ఆలస్యమును 100 మిల్లీసెకనుల ప్రాంతమున నిలిపి ఒక్క ప్రతిధ్వనియే వినవలెను; స్వరము బలిసినట్లుండవలెను గాని తడబడినట్లుండరాదు. పిమ్మట ఆలస్యమును పెంచి, నాలుగైదు ప్రతిధ్వనులు వచ్చునట్లు చేసి, మూడవదానిని శ్రద్ధగా వినవలెను. అది మొదటిదానికంటె మసకగ, వెనుకగ నున్నచో మంచి గురుతు. కేవలము చిన్నదై, పదును మాత్రము తగ్గకున్నచో అది పేరునకే టేపు.

తరువాత ఒక తీగను మీటి నిలుపుమనవలెను. ఊగు సన్నని గమకమువలె నుండవలెను. అపశ్రుతి యనిపించినచో ఆ మీటను తగ్గించి చూడవలెను. తగ్గించుటకు వీలులేని పెడలును విడుచుటయే మేలు. ప్రతిధ్వని వినబడుచుండగా ఆలస్యపు మీటను త్రిప్పినచో, నిజమైన టేపువలె స్వరము పైకో క్రిందికో జారవలెను, టిక్కుమని తెగరాదు. కడపట పెడలును ఆపి వాయింపించి, గిటారు సహజధ్వని చెడకున్నదా యని చూడవలెను. ప్రతిధ్వనుల సంఖ్యను పెంచు మీటను కొస వరకు త్రిప్పినచో ధ్వని తనపై తాను పేరుకొని ఊళపెట్టును. అది టేపు యంత్రములకు సహజమే. కాని ముందుగా ఆంప్లిఫయరు తగ్గించిన పిమ్మటనే ఈ పరీక్ష చేయవలెను. చెవులకును స్పీకరునకును హాని రాకూడదు.

విద్యుత్తు సంగతి కొన్న పిమ్మట గాక ముందే విచారింపవలెను. ఈ పెడళ్లు సాధారణముగా 9 వోల్టులపై నడచును. కాని డిజిటల్ పెడళ్లలో కొన్నింటికి 200 మిల్లీయాంపియర్లకు మించిన విద్యుత్తు కావలెను. పాత చిన్న అడాప్టరు అంత యియ్యలేదు. ధనధ్రువము, ఋణధ్రువము పెడలుపై గీచిన గుర్తుతో సరిపోవుచున్నవో లేవో చూడవలెను. అమెరికాలో నున్న బంధువులు పెడలు పంపినచో, దానితో వచ్చిన అడాప్టరుపై 120 వోల్టులని మాత్రమే యున్న యెడల దానిని మన 230 వోల్టుల గోడసాకెట్టున పెట్టరాదు. డిస్టార్షన్ పెడలున్నచో డిలేను దాని తరువాత కలిపిన ప్రతిధ్వని తేటగా నుండును.

తాళముతో ప్రతిధ్వని కలియుటకు ఒక చిన్న లెక్క కలదు. నిమిషమునకు ఎన్ని దెబ్బలో ఆ సంఖ్యతో 60,000ను భాగించినచో ఒక దెబ్బకు ఎన్ని మిల్లీసెకనులో తెలియును. 120 దెబ్బలకు 500 వచ్చును. అందు ముప్పాతికపాలు 375. ఈ రెండు ఆలస్యములతో వాయింపించి చూచిన, పెడలు లయకు తోడుపడుచున్నదో లేదో తెలియగలదు. కాలితో తాళము తట్టి ఆలస్యమును నిర్ణయించు సదుపాయమున్నచో పాట నడుమ వంగి మీట త్రిప్పు పని తప్పును.

ఇన్నియు చెప్పిన పిమ్మట అసలు మాట యొకటి మిగిలియున్నది. ప్రతిధ్వని తప్పును కప్పగలదు. తాళము జారిన చోటును, స్పష్టముగా పలుకని స్వరమును ఆ మసకలో దాచుట సులభము. అట్లు దాచుటకు అలవాటుపడిన చేయి మరల చక్కబడుటకు చాలకాలము పట్టును. కావున కొనుటకు ముందు ఒక పాటను పెడలు లేకయే, మెట్రోనోముతో, మొదటినుండి తుదివరకు వాయింపుమని యడుగుడు. నిలుకడగా వాయించినచో ఆ బిడ్డ కోరిక వేడుకకోరిక కాదు. విద్యకు తరువాతి మెట్టు. అప్పుడు ఆటవస్తువని త్రోసివేయుట న్యాయము కాదు. గాత్రమునకు తంబుర యెట్టిదో, ఈ వాద్యమునకు ప్రతిధ్వనియు కొంతమేర కట్టిదే. కోరినది కూతురైనచో ఆడపిల్ల కిది యేల యను మాటయు రానీయకుడు.

నిలుకడ రానిచో మరి కొన్ని నెలలు ఆగుమనుడు. సొమ్ము మిగులుటకు గాదు, చేయి చక్కబడుటకు. కొనునప్పుడు పేరునుబట్టియు, మీటల సంఖ్యనుబట్టియు గాక, ఆ మూడవ ప్రతిధ్వనినిబట్టి కొనుడు. అది వెనుకకు తగ్గి, బిడ్డ మీటిన స్వరమును ముందు నిలిపినచో, వెల తక్కువదైనను ఆ పెడలే మీ యింటికి తగినది.