బండి టైటానియందే… కానీ కుదుపు మింగేది టైరే!

టైటానియం సైకిల్ కొన్నవాళ్లు ఎవరైనా రెండు మాటలు కచ్చితంగా చెబుతారు. ఒకటి, ‘ఇది జీవితాంతం ఉంటుంది’. రెండు, ‘గతుకుల్లో కూడా మెత్తగా పోతుంది’. మొదటి మాట చాలావరకు నిజమే. రెండో దాంట్లో మాత్రం టైరుకు రావాల్సిన పేరు టైటానియం కొట్టేస్తోంది.

నేను ఐదేళ్లుగా టైటానియం రోడ్ బైక్ తొక్కుతున్నా. వారం మధ్యలో గండిపేట, ఆదివారాలు అనంతగిరి కొండలు, ఏడాదికి నాలుగైదు సార్లు 200, 300 కిలోమీటర్ల బ్రెవెలు. ఎక్కడ బండి ఆపినా జనం అడిగేది ఒక్కటే… ‘ఫ్రేమ్ ఎంత పడింది?’ టైర్లు ఏవని అడిగినవాళ్లు చాలా తక్కువ. నిజానికి అడగాల్సింది అదే.

మూడు లక్షల బండి, అదే తిమ్మిరి!

మా రైడింగ్ గ్రూపులో ఓ అన్న ఉన్నాడు. కరీంనగర్ మనిషి, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఎన్నాళ్లో డబ్బు దాచుకుని, అల్యూమినియం బండి అమ్మేసి టైటానియం తీసుకున్నాడు. రెండు నెలలయ్యాక ఓరోజు నాకు ఫోన్ చేశాడు. 

‘‘తమ్మీ, మూడు లక్షలు పెట్టిన. అయినా 60 కిలోమీటర్లు దాటంగనే చేతులు తిమ్మిరెక్కుతున్నయి. పాత బండికీ దీనికీ ఫరకే తెలుస్తలేదు. అమ్మేసుడే నయమేమో!’’

‘‘అన్నా, టైర్లేవి? గాలెంత కొడుతున్నవ్?’’ అని అడిగా.

పాత బండి టైర్లనే దీనికి వేయించుకున్నాడట. 25 మిల్లీమీటర్లవి. గాలి 110 పీఎస్ఐ. ‘గట్టిగుంటేనే జల్దీ పోతది గదా’ అన్నాడు. 

మనిషి బరువు 78 కిలోలు. బండికి 32 మిల్లీమీటర్ల దాకా పట్టే జాగా ఉంది. 30 మిల్లీమీటర్ల టైర్లు వేసి, ముందు 62, వెనక 66 పీఎస్ఐ పెట్టాం. తర్వాతి ఆదివారం అదే రూటులో 100 కిలోమీటర్లు తొక్కి వచ్చాడు. బండి ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

టైటానియం ఏం చేస్తుంది? ఏం చేయదు?

ఈ లోహం మనకేం కొత్త కాదు. శ్రీకాకుళం, భీమిలి తీరాల నల్ల ఇసుకలో ఉండే ఇల్మనైట్ టైటానియం ఖనిజమే. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధానిలో రక్షణ, అంతరిక్ష అవసరాలకు టైటానియం మిశ్రమలోహాలు తయారవుతాయి. సైకిల్ ఫ్రేముల్లో ఎక్కువగా వాడేది 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వనేడియం కలిపిన రకం. స్టీలుతో పోలిస్తే బరువు సుమారు 60 శాతమే. తుప్పు పట్టదు. చెమట కారినా, వానలో తడిసినా పెయింటు లేకుండానే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

మరి మెత్తదనం సంగతేంటి? టైటానియం స్టీలుకంటే తేలిగ్గా వంగుతుంది, అది నిజమే. కానీ రోడ్ బైక్ ఫ్రేమ్ త్రికోణాల కట్టు. గుంటలో పడినప్పుడు ఆ కట్టు నిలువుగా వంగేది చాలా చాలా తక్కువ. అదే సమయంలో టైరు కొన్ని మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకుని మళ్లీ లేస్తుంది. అంటే దెబ్బ ఫ్రేమ్ దాకా రాకముందే టైరు దాన్ని చాలావరకు మింగేస్తుంది. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నాక గట్టి రబ్బరు చక్రాల రోజులు ముగిసింది కూడా అందుకే.

కాబట్టి టైరు కొనేటప్పుడు ఫ్రేమ్ టైటానియమా, కార్బనా అన్నది పెద్ద విషయం కాదు. ఫ్రేమ్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే… ‘నీ దగ్గర జాగా ఎంత?’

ముందు జాగా కొలవండి

టైరు పక్కన 28-622 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. రోడ్ బైకులకు దాదాపు అన్నిటికీ 622 ఉంటుంది. మనం ఎంచుకోవాల్సింది మొదటి అంకె.

అయితే టైరు మీద 28 అని ఉన్నంత మాత్రాన అది 28 మిల్లీమీటర్లే ఉంటుందని కాదు. రిమ్ము లోపలి వెడల్పు పెరిగేకొద్దీ టైరు కూడా విచ్చుకుంటుంది. ఇప్పుడొస్తున్న 21 మిల్లీమీటర్ల రిమ్ముల మీద 28 టైరు 30 దాకా వెళ్లడం మామూలే. 

జాగా చూడ్డానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. 4 మిల్లీమీటర్ల అలెన్ కీ చాలు. టైరుకు గాలి కొట్టి, టైరుకూ ఫ్రేముకూ మధ్య ఆ కీని దూర్చండి. వెనక చక్రం పక్కనున్న గొట్టాల దగ్గర రెండు వైపులా, సీటు గొట్టం దగ్గర, వెనక పైన అడ్డ గొట్టం కింద, ముందు ఫోర్కు పైభాగంలో. రిమ్ బ్రేకులైతే బ్రేకు కింద కూడా. అన్నిచోట్లా కీ తేలిగ్గా దూరితే సరే. ఒక్కచోట ఇరుక్కున్నా సైజు తగ్గించండి. 

‘టైటానియం కదా, రాసుకుంటే ఏమవుతుందిలే’ అనుకోవద్దు. తడి మట్టి, ఇసుక అంటుకున్న టైరు ఆకురాయితో సమానం. చక్రం కాస్త వంకరైనా గొట్టాన్ని అరగదీస్తుంది. తుప్పు పట్టని లోహమే కానీ అరగని లోహం కాదు.

రిమ్ బ్రేకులున్న పాత టైటానియం బండ్లు చాలావాటిలో 25, మహా అయితే 28 పడుతుంది. డిస్క్ బ్రేకులున్న కొత్తవాటిలో 32, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. పట్టినంతలో పెద్దది వేసుకోండి. మన రోడ్లకు నా సలహా ఇదే.

‘వెడల్పైతే స్లో అవుతుంది కదా?’

అందరికీ వచ్చే డౌటే. ఒకప్పుడు రేసర్లంతా 23 మిల్లీమీటర్లే వాడేవారు. ఇప్పుడు టూర్ డి ఫ్రాన్స్‌లోనే 28, 30 కనిపిస్తున్నాయి. వాళ్లకు సెకను కూడా ముఖ్యమే మరి!

సంగతి ఏంటంటే, గాలి ఒకేలా ఉంటే సన్న టైరైనా, వెడల్పు టైరైనా రోడ్డును తాకే జాగా దాదాపు ఒకటే. సన్నదాంట్లో ఆ జాగా పొడవుగా ఉంటుంది, వెడల్పుదాంట్లో పొట్టిగా. పొట్టిగా ఉన్నప్పుడు టైరు తక్కువ నలుగుతుంది. దొర్లడంలో శక్తి తక్కువ పోతుంది. పైగా గరుకు రోడ్డు మీద రాయిలా గట్టిపడిన టైరు ప్రతి గులకరాయికీ బండినీ మనల్నీ కలిపి ఎగరేస్తుంది. ఆ ఎగిరే శక్తి మన కాళ్లలోంచి పోయేదే. ఓఆర్ఆర్ పక్కన 2023లో వచ్చిన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ లాంటి నున్నటి దారిలో ఈ తేడా పెద్దగా తెలీదు. వికారాబాద్ రోడ్డెక్కితే బాగా తెలుస్తుంది.

గాలి ఎంత?

టైరు మీద రాసుండేది గరిష్ఠం. అది ‘ఇంత కొట్టు’ అని కాదు, ‘ఇంతకు మించొద్దు’ అని. మీ బరువు, టైరు వెడల్పు, రోడ్డు… ఈ మూడే లెక్క. 70 కిలోల మనిషికి ట్యూబుతో 28 టైరైతే 70 పీఎస్ఐ దగ్గర, 32 అయితే 55 నుంచి 60 మధ్య మొదలుపెట్టండి. ముందు చక్రం మీద బరువు తక్కువ పడుతుంది కాబట్టి అక్కడ నాలుగైదు తగ్గించండి. ఆ తర్వాత రెండేసి పీఎస్ఐ మారుస్తూ చూడండి. మలుపులో టైరు మెత్తగా ఊగుతున్నట్టుంటే పెంచాలి. చేతుల్లో జిల్లుమంటుంటే తగ్గించాలి.

ఇక్కడే మరో మాట. రోడ్ బైకుల్లో ఎక్కువగా ఉండేది సన్నటి ప్రెస్టా వాల్వ్. పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి బ్యాగులో వేసుకోండి. షాపులో కొట్టించినా, చివర్లో మీ వేళ్లతో కాక గేజ్‌తో చూసుకోండి.

ముల్లు, తీగ, గుంట

టైర్లను మూడు రకాలుగా చూడొచ్చు. మొదటిది రేస్ రకం… కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 5000, విట్టోరియా కోర్సా లాంటివి. పల్చటి గుడ్డ, మెత్తటి రబ్బరు. హాయిగా దొర్లుతాయి, తొందరగా అరుగుతాయి. రెండోది, కాస్త పంక్చర్ రక్షణ ఎక్కువున్న అన్ని కాలాల రకం. మూడోది మొండి రకం… గేటర్‌స్కిన్, మారథాన్ లాంటివి. పక్కలు కూడా గట్టివే, కానీ తొక్కుతుంటే చెక్క మీద పోతున్నట్టుంటుంది.

మన దగ్గర టైరుకు శత్రువులు ముగ్గురు. ఊరి దారుల్లో తుమ్మ ముల్లు. హైవేలో లారీ టైర్లు పేలినప్పుడు రోడ్డు మీద రాలే సన్నటి స్టీలు తీగ ముక్కలు. మూడోది గుంట అంచు. దెబ్బకు ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. ముల్లునూ, కొంతవరకు తీగనూ టైరు లోపలి రక్షణ పట్టీ ఆపుతుంది. గుంటను ఆపేది మాత్రం వెడల్పు, సరైన గాలి. తీగ ముక్క కంటికి కనిపించదు. పంక్చరైతే ట్యూబు మార్చే ముందు టైరు లోపల గుడ్డతో తుడిచి చూడండి, గుచ్చుకున్నది తెలుస్తుంది. అది తీయకపోతే కొత్త ట్యూబు కూడా కిలోమీటరులోపే పోతుంది. నా టూల్ బ్యాగులో చిన్న పట్టకారు ఎప్పుడూ ఉంటుంది.

200 బ్రెవెకు 13 గంటల 30 నిమిషాలే సమయం. రాత్రి రెండింటికి, పంక్చర్ షాపు లేని చోట అరగంట పోయిందంటే మళ్లీ సంపాదించడం కష్టం. అందుకే దూరాలకు నేను రెండో రకమే వేస్తా, 30 మిల్లీమీటర్లది. ఇంటి దగ్గర షోకుకి మొదటి రకం.

ట్యూబా, ట్యూబ్‌లెస్సా?

ట్యూబ్‌లెస్‌లో సీలెంట్ చిన్న చిల్లుల్ని తనంతట తానే పూడ్చేస్తుంది. ముళ్ల దారిలో వరమే. కానీ మన ఎండలకు ఆ ద్రవం తొందరగా ఎండిపోతుంది. వేసవిలో ఒకటి రెండు నెలలకోసారి చూసి పోయాల్సిందే. అంత ఓపిక లేదంటే మామూలు బ్యూటైల్ ట్యూబు హాయి. ఏ ఊళ్లోనైనా ప్యాచ్ వేస్తారు. ఈమధ్య వస్తున్న టీపీయూ ట్యూబులు చాలా తేలిక, చుడితే గుప్పిట్లో పడతాయి. స్పేర్‌గా బాగుంటాయి. కాకపోతే పంక్చర్ షాపు సొల్యూషన్ వాటికి అంటదు, వేరే ప్యాచ్‌లు కావాలి.

ఒక హెచ్చరిక. మీ రిమ్ములు ‘హుక్‌లెస్’ రకమైతే, అంటే లోపలి అంచుకు కొక్కెంలాంటి మడత లేకపోతే, 72.5 పీఎస్ఐ దాటకూడదు. వాటికి ట్యూబ్‌లెస్ టైర్లే, అదీ రిమ్ము కంపెనీ ఒప్పుకున్నవే వేయాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రేసులో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ పడిపోయినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడి వేలాడింది. ఆ తర్వాత ఈ రిమ్ముల మీద పెద్ద చర్చే నడిచింది.

మంచిది ముందుకే

వెనక టైరు దాదాపు రెట్టింపు వేగంతో అరుగుతుంది. దాంతో చాలామంది కొత్త టైరు తెచ్చి వెనక వేస్తారు. అలా కాదు. ముందున్నదాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయండి. వెనక టైరు జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందుది జారితే, పేలితే సర్దుకునే టైమ్ ఉండదు. అనంతగిరి దిగేటప్పుడు 50 స్పీడులో మనల్ని కాపాడేది ఆ ముందు టైరు ఒక్కటే.

వానాకాలంలో టైరు మీద గీతలు లేవని భయపడక్కర్లేదు. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి కారులా నీళ్ల మీద తేలదు. పట్టు ఇచ్చేది రబ్బరు నాణ్యత. భయపడాల్సింది తెల్ల పెయింటు గీతలకు, మ్యాన్‌హోల్ మూతలకు, ఇనుప పలకలకు. వాటి మీద బ్రేకు వేయొద్దు, మలుపు తిప్పొద్దు.

టైరు మధ్యలో బల్లపరుపుగా అయినా, లోపలి దారాలు కనిపించినా, పక్కన ఉబ్బినా మార్చేయండి. బేరం లేదు. మంచి జత పది వేలు దాటొచ్చు, నిజమే. కానీ లక్షలు పెట్టి కొన్న ఫ్రేమ్ రోడ్డును ఎక్కడా తాకదు. తాకేది రెండు చోట్ల, చెరో బొటనవేలంత జాగా. కొత్త చక్రాలకో, ఇంకో 200 గ్రాములు తగ్గించడానికో డబ్బు దాస్తున్నారా? ముందు ఈ రాత్రి అలెన్ కీ తీసి మీ బండిలో జాగా ఎంతుందో చూడండి.