ఫిల్లర్ వాపు: ఎన్నాళ్లు ఆగాలి, ఎప్పుడు పరుగెత్తాలి

పెండ్లికి పది రోజులుందనగా పెదవులు నిండుగా కనిపించేలా ఫిల్లర్ సూది వేయించుకుంటే తలంబ్రాల ఫోటోలో కమిలిన మచ్చ కూడా పడే అవకాశం ఉంది. ఈ మాట చెప్పకుండానే తేదీ ఇచ్చే క్లినిక్కులున్నాయి కాబట్టి ముందే చెప్తున్నాను. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ పట్నం దాదాపు వంద కిలోమీటర్లే. పొద్దున బస్సెక్కి బంజారాహిల్స్‌లోనో కూకట్‌పల్లిలోనో సూది వేయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. చిక్కంతా అక్కడే వస్తుంది. సూది వేసేది ఒక ఊళ్లో, వాచేది ఇంకో ఊళ్లో. డాక్టర్ చూసినప్పుడు మొహం బాగానే ఉంటుంది, రాత్రికి అద్దంలో చూసుకుంటే పైపెదవి ఉబ్బి కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు భయపడి వీధి చివర ఉండే ఆర్ఎంపీని పిలుస్తారు. ఆయన వాపు దిగాలని డెక్సా అనే స్టెరాయిడ్ సూది వేస్తాడు. అది అవసరమా కాదా తేలాలంటే ఆ వాపు ఎందుకొచ్చిందో తెలియాలి.

ఇప్పుడు ఎక్కువగా వాడే ఫిల్లర్ హయాలురోనిక్ ఆమ్లంతో చేసిన జెల్. ఆమ్లమని జంకాల్సిన పని లేదు, మన చర్మంలో, కీళ్లలో, కంట్లో సహజంగా ఉండే పదార్థమే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని మొదట పశువు కంటి నుంచి వేరుచేశారు. దీని ముఖ్య గుణం నీటిని పట్టి ఉంచడం. ఒంట్లో ఉన్నది తొందరగా కరిగి మళ్లీ తయారవుతూ ఉంటుంది కాబట్టి కంపెనీలు దాని పోగులను ఒకదానితో ఒకటి ముడివేసి గట్టి జెల్‌గా మారుస్తాయి. ఆ ముడుల బలాన్ని, వేసిన చోటును బట్టి సుమారు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా నిలుస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం జెల్‌కు 2003 డిసెంబర్‌లో అనుమతిచ్చింది. అంతకుముందు పశువుల కొల్లాజెన్ వాడేవారు, దానికి ముందుగా చేతి మీద అలర్జీ పరీక్ష చేయాల్సి వచ్చేది.

వాపులో రెండు పాళ్లు కలిసి ఉంటాయి. ఒకటి సూది గాయానిది. సూది దిగిన చోట సన్నని రక్తనాళాలు చిట్లి, చుట్టూ నీరు చేరుతుంది. ఏ దెబ్బకైనా ఒళ్లు చేసే పనే ఇది. రెండోది జెల్‌ది. ఎండాకాలం నానేసిన సబ్జా గింజల్లా అది చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుని కొంచెం ఉబ్బుతుంది. గాయం వాపు పూర్తిగా పోతుంది, జెల్ పట్టుకున్న నీరు కొంత ఉండిపోతుంది. మొదటి వారం అద్దంలో కనిపించేది ఈ రెండూ కలిసిన రూపం. దాన్ని చూసి ‘ఎక్కువైంది, తీసేయండి’ అనడం తొందరపాటు. వాపు దిగగానే ‘తక్కువైంది, ఇంకోటి వేయండి’ అనడమూ అంతే. రెండు వారాలన్నా ఆగకుండా రెండో సూది వేసే డాక్టర్ మీద నాకు నమ్మకం తక్కువ.

అన్నిటికంటే ఎక్కువ వాచేవి పెదవులు. కొన్ని గంటల్లో మొదలై ఒకటి రెండు రోజుల్లో బాగా పెరుగుతుంది. పడుకున్నప్పుడు నీరు మొహంలోకి చేరుతుంది కాబట్టి పొద్దున లేవగానే ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా అనిపిస్తుంది. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉండటం కూడా మామూలే. మూడో రోజు నుంచి దిగడం మొదలై వారంలో చాలావరకు పోతుంది. బుగ్గలు, గడ్డం అంతగా వాయవు కాని నమిలేటప్పుడు నొప్పిగా ఉంటుంది. కంటి కింద వేసినది మొండిది. వారాల తరబడి పొద్దున్నే ఉబ్బినట్టు ఉండొచ్చు, జెల్ మరీ పైపైన పడితే నీలంగా కనిపించొచ్చు కూడా. కమిలిన మచ్చ పోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వేలికి చిన్న గడ్డలు తగిలితే పిసకొద్దు, డాక్టర్ చెప్తే తప్ప మసాజ్ వద్దు. అసలు ఆకారం నిలబడేది రెండు నుంచి నాలుగు వారాలకు. అందుకే పెండ్లికి కనీసం నెల ముందు, వీలైతే ఆరు వారాల ముందు వేయించుకోవాలి.

మన దగ్గర ఎండ ఇంకో ఇబ్బంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. వేడికి రక్తనాళాలు వెడల్పై వాపు, కమిలిన మచ్చ రెండూ పెరుగుతాయి. మొదటి రెండు రోజులు ఎండలో బండి మీద తిరగడం, పొయ్యి ముందు గంటల తరబడి నిలబడటం, ఆవిరి పట్టడం, జిమ్ మానుకోవాలి. మందు, కల్లు కూడా ముట్టొద్దు. చెట్టు కల్లు ఒంటికి చలువని తాగించే చుట్టాలుంటారు. ఆ చలువ ఇక్కడ పనికిరాదు, అందులోనూ ఉన్నది ఆల్కహాలే. ఉప్పు మూటతో కాపడం పెట్టే ఇంటివైద్యం ఈ వాపును ఇంకా పెంచుతుంది. ఐసును శుభ్రమైన గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టి తీసేస్తే చాలు, గట్టిగా ఒత్తకూడదు. రెండు దిండ్లు వేసుకుని వెల్లకిలా పడుకోవాలి. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది. బ్రూఫెన్ లాంటివి కమిలిన మచ్చను పెంచొచ్చు. గుండెజబ్బుకు డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఇక నలుగు సంగతి. సూది రంధ్రాలు పూడేదాకా, కనీసం ఒక రోజు, మొహానికి పసుపు సహా ఏదీ పూయకూడదు. నలుగుపిండితో రుద్దడం, ఫేషియల్, త్రెడింగ్ రెండు వారాల దాకా వద్దు. నలుగు నాడు మొహం వదిలేయమంటే పేరంటాళ్లు వినరు, కాబట్టి సూది తేదీనే ముందుకు జరుపుకోండి.

ఇదంతా మామూలు వాపు గురించి. ప్రమాదాన్ని వాపు ఎంత ఉందన్న దాన్ని బట్టి గుర్తుపట్టలేం. బాగా ఉబ్బిన పెదవి ఏ హానీ లేకుండా దిగిపోవచ్చు, పెద్దగా వాయని ముక్కు పక్క చర్మం చచ్చిపోతూ ఉండొచ్చు. చూడాల్సినవి రంగు, నొప్పి. జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్లినా, దాన్ని బయటి నుంచి నొక్కేసినా ఆ భాగానికి రక్తం అందదు. చర్మం పాలిపోతుంది, తర్వాత జాలీగా అల్లుకున్న ఊదారంగు గీతలు తేలతాయి, చల్లగా తగులుతుంది, గంటలు గడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ఇందులో ఒక మోసం ఉంది. చాలా జెల్‌లలో తిమ్మిరి మందు లిడోకెయిన్ కలిపి ఉంటుంది కాబట్టి మొదట నొప్పి తెలియదు. ఆ తిమ్మిరి వదిలేది చౌటుప్పల్ దాటాకో, షాద్‌నగర్ దాటాకో. మన చామనఛాయ చర్మంలో పాలిపోవడం తొందరగా కనిపించదు కూడా. పగటి వెలుతురులోనో టార్చి వేసుకునో చూడాలి, పెదవి లోపలి వైపు కూడా చూడాలి. అనుమానం ఉన్న చోట వేలితో నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. రెండో పక్కతో పోల్చుకోండి. తేడా ఉంటే ఐసు పక్కన పడేసి డాక్టర్‌కు ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

అన్నిటికంటే భయంకరమైనది చూపు పోవడం. చాలా అరుదు, కాని ముక్కు మీద, కనుబొమల మధ్య వేసినప్పుడు జెల్ రక్తనాళాల్లో వెనక్కి పాకి కంటి నాళాన్ని మూసిన సంఘటనలు ప్రపంచమంతా నమోదయ్యాయి. ఇది సాధారణంగా సూది వేస్తుండగానే, లేదా వెంటనే తెలుస్తుంది. గంట, గంటన్నర దాటితే చూపు తిరిగి రావడం చాలా కష్టం. నల్లగొండ బస్సు ప్రయాణం అంతకంటే ఎక్కువ. కాబట్టి సూది తర్వాత అరగంట, గంట క్లినిక్‌లోనే కూర్చోండి. వీలైతే ఆ రాత్రి పట్నంలో చుట్టాలింట్లోనే ఉండండి.

అదృష్టం ఏమిటంటే ఈ జెల్‌కు విరుగుడు ఉంది. హయాలురోనిడేజ్ అనే ఎంజైమ్‌ను సూదిగా వేస్తే జెల్ కరిగిపోతుంది. అదేమీ విదేశాల నుంచి తెప్పించాల్సిన మందు కాదు. శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంటికిచ్చే మత్తు సూదిలో దీన్ని కలుపుతారు, కంటి దవాఖానలకు బాగా తెలిసిన మందే. ‘ఇది మీ దగ్గర ఇప్పుడు ఉందా?’ అని సూది వేయించుకునే ముందే అడగండి, తటపటాయించే చోట లేచి వచ్చేయండి. 2025 జూలైలో నటి ఉర్ఫీ జావేద్ తన పెదవుల ఫిల్లర్‌ను కరిగించుకుంటూ పెట్టిన వీడియో చూసి జనం హడలిపోయారు. అందులో కనిపించిన వాపు ఎక్కువగా ఈ కరిగించే సూదులది, అది కొద్ది రోజుల్లో దిగే వాపు.

మళ్లీ ఆ ఆర్ఎంపీ దగ్గరికొద్దాం. మామూలు వాపుకు స్టెరాయిడ్ అక్కర్లేదు, షుగర్ ఉన్నవాళ్లకు అది షుగర్‌ను ఇంకా పెంచుతుంది. రక్తం అందని చర్మానికి అది విరుగుడు కాదు. మూడు నాలుగు రోజులకు తగ్గాల్సిన వాపు ఎర్రబడి, వేడెక్కి, జ్వరంతో పెరిగితే అది ఇన్ఫెక్షన్, స్టెరాయిడ్ దాన్ని కప్పిపుచ్చుతుంది. నిమిషాల్లో పెదవులు, నాలుక ఉబ్బి, దద్దుర్లు వచ్చి, ఊపిరి ఆడకపోతే మాత్రం అది అలర్జీ. అప్పుడు పట్నం డాక్టర్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్ద దవాఖానకు వెళ్లాలి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి.

నెలల తర్వాత వచ్చే వాపు వేరే రకం. జలుబు, జ్వరం, పంటి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఒంటి రోగనిరోధక శక్తి మేలుకుని పాత జెల్ చుట్టూ వాపు తేవొచ్చు. 2020 డిసెంబర్‌లో మోడెర్నా కోవిడ్ టీకా పరీక్షల వివరాల్లో, ఇదివరకు ఫిల్లర్ వేయించుకున్న కొద్దిమందికి మొహం వాచినట్టు ఎఫ్‌డీఏ గమనించింది. వైద్యంతో తగ్గింది, దానికి భయపడి టీకాలు మానే పని లేదు. పంటి పని ఉంటే మాత్రం సూదికి రెండు వారాలు అటో ఇటో పెట్టుకోండి. పెదవి మీద జ్వరం పొక్కులు తరచూ వచ్చేవాళ్లు ఆ సంగతి ముందే డాక్టర్‌కు చెప్పాలి.

సూది లేకుండా ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి కొట్టే హయాలురాన్ పెన్‌లు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. వాటిని వాడొద్దని 2021 అక్టోబర్‌లోనే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. బ్యూటీ పార్లర్‌లో తక్కువ ధరకు చేస్తామంటే ఒప్పుకోకండి. రక్తనాళం మూసుకుంటే విరుగుడు వేయగలిగింది డాక్టరే. జెల్ డబ్బా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్ ఉన్న లేబుల్ ఉంటుంది, దాన్ని అడిగి తీసుకుని ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి. రేపు ఏ దవాఖానకు వెళ్లినా మొదట అడిగేది ఏం వేశారనే. లేబుల్ ఇవ్వని చోట సూది వేయించుకోకండి.