అమ్మ ఇచ్చిన కిడ్నీ ఆగిపోతే...

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెలకు కిడ్నీ జబ్బు కొత్త కాదు. డయాలిసిస్‌కు తిరిగి తిరిగి అలసిపోయినవారికి కిడ్నీ మార్పిడి పునర్జన్మ వంటిది. కాని ఆ తర్వాత కూడా ప్రతి రక్తపరీక్షకూ గుండె దడే. ఆ కిడ్నీ పనిచేయడం మానేస్తే, 'అమ్మ ఇచ్చినదాన్ని నిలుపుకోలేకపోయాను' అని రోగి లోలోపల కుమిలిపోతాడు.

1954లో అమెరికాలోని బోస్టన్‌లో తొలి విజయవంతమైన మార్పిడి జరిగింది. రిచర్డ్ హెరిక్‌కు కిడ్నీ ఇచ్చినవాడు అతని కవల సోదరుడు రోనాల్డ్. ఆపరేషన్ ముందు రాత్రి 'ఇంటికి వెళ్లిపో' అని రిచర్డ్ చీటీ పంపాడు. వెళ్లనని రోనాల్డ్ జవాబిచ్చాడు. రిచర్డ్ పెళ్లి చేసుకుని ఇద్దరు బిడ్డల తండ్రయ్యాడు. పాత జబ్బే కొత్త కిడ్నీనీ పట్టి, 1963లో కన్నుమూశాడు. ఆ ఎనిమిదేళ్లూ తమ్ముళ్లూ అన్నలూ ఇచ్చే దానం విలువ చెబుతాయి.

మాత్రలు వేళకు వేసుకున్నా కిడ్నీ ఆగిపోవచ్చు. అది రోగి నేరం కాదు. మళ్లీ డయాలిసిస్ ఉంది. ఒంటి స్థితి బాగుంటే రెండో మార్పిడికీ వీలుంది. అయినవారు ఖర్చుల లెక్క ఎత్తకుండా పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడాలి. మనసు మరీ కుంగితే డాక్టరుకు దాచకుండా చెప్పాలి.