తీగ అదే, మీటరు అదే – బిల్లు మాత్రం వేరొకరిది

మన టౌన్‌షిప్‌లలో విద్యుత్తును ఎవరి వద్ద కొనవలెనన్న ప్రశ్న ఏనాడూ తలెత్తదు. క్వార్టరు కేటాయించిన నాడే అందులోని మీటరు కూడా మన లెక్కలోకి వస్తుంది. ఆ పైన నెలనెలా వచ్చే బిల్లు చెల్లించుటయే మన పని. అయితే మన సహోద్యోగులలో అనేకుల పిల్లలు నేడు ఉద్యోగరీత్యానో, చదువురీత్యానో బ్రిటన్‌లో నివసిస్తున్నారు. "ఈ నెల కరెంటు కంపెనీ మారుస్తున్నాం నాన్నా" అని వారు ఫోనులో చెప్పగా విని, ఇల్లే మారుతున్నారేమోనని భ్రమపడిన తల్లిదండ్రులను మేము ఎరుగుదుము. అక్కడ ఇల్లు మారదు, తీగ మారదు, సాధారణంగా మీటరు కూడా మారదు. మారేది బిల్లు పంపే సంస్థ మాత్రమే. ఆ మార్పు ఎట్లు జరుగుతుంది, అందులో మీటరు మీద కనబడే ఒకే ఒక సంఖ్యకు అంతటి ప్రాధాన్యం ఎందుకు వచ్చినది అన్న విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

అమ్మేవారు వేరు, మోసేవారు వేరు

బ్రిటన్‌లో విద్యుత్ రంగం 1990లో ప్రైవేటు యాజమాన్యంలోకి వెళ్లినది. అయితే గృహ వినియోగదారునికి సరఫరాదారును ఎంచుకొనే స్వేచ్ఛ వెంటనే లభించలేదు. గ్యాసు విషయంలో 1996లో నైరుతి ఇంగ్లండులో ప్రయోగాత్మకంగా మొదలై, 1998 మే నాటికి గ్రేట్ బ్రిటన్ అంతటికీ విస్తరించినది. విద్యుత్తు విషయంలో 1998 సెప్టెంబరులో ప్రారంభమై 1999 మే నాటికి పూర్తి అయినది.

ఈ ఏర్పాటుకు మూలసూత్రం ఒక్కటే. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు నిర్వహించే పంపిణీ సంస్థ వేరు, విద్యుత్తును అమ్మి బిల్లు వసూలు చేసే సరఫరా సంస్థ వేరు. పంపిణీ నిమిత్తం గ్రేట్ బ్రిటన్‌ను 14 ప్రాంతాలుగా విభజించినారు. ఏ ప్రాంతంలో ఉన్న ఇంటికి ఆ ప్రాంతపు తీగలే దిక్కు. వాటిపై విద్యుత్తును అమ్మే సంస్థలు మాత్రం అనేకం.

దీనిని మన ఊరి చెరువుతో పోల్చవచ్చును. నాలుగైదు వాగుల నీరు వచ్చి చెరువులో కలుస్తుంది. తూము క్రింది రైతు తన పొలానికి పారించుకొన్న నీరు ఏ వాగుదో ఎవరూ చెప్పలేరు. ఎంత వచ్చి చేరినది, ఎవరు ఎంత పారించుకొన్నారు అన్నదే లెక్క. విద్యుత్ వ్యవస్థ కూడా అట్టిదే. కనుక సంస్థ మారిన దినమున లైన్‌మన్ రాడు, ఫ్యూజు తీయడు, ఇంటిలోని దీపం క్షణమైనా మినుకుమనదు. మార్పు అంతా ఖాతా పుస్తకాలలోనే జరుగుతుంది. ఆ దినమున మీటరు చూపిన సంఖ్యయే పాత సంస్థ లెక్కకు ముగింపు, కొత్త సంస్థ లెక్కకు ఆరంభం. దీనినే ప్రారంభ రీడింగు అంటారు.

ఒకే సంఖ్య, రెండు ఖాతాలు

ఈ సంఖ్య రెండు ఖాతాలలోనూ ఒక్కటిగానే ఉండవలెనన్నది నియమం. ఆ నియమం లేనిచో ఏమగునో చిన్న లెక్క వేసి చూద్దాం.

మారే దినమున మీటరు నిజముగా 24,650 చూపుతున్నదని అనుకొందాం. పాత సంస్థ తన అంచనా ప్రకారం 24,950తో లెక్క ముగించినది. కొత్త సంస్థ మాత్రం 24,650 నుండి మొదలుపెట్టినది. మధ్యనున్న 300 యూనిట్లకు ఇద్దరూ బిల్లు వేసినట్లే. యూనిట్ ధర 25 పెన్నీలు అనుకొన్నచో 75 పౌండ్లు అదనంగా చెల్లించినట్లు అగును.

ఇప్పుడు ఇద్దరూ 24,950 అనే తప్పుడు సంఖ్యనే వాడినారని అనుకొందాం. ఆ 300 యూనిట్లకు పాత సంస్థ ముందుగానే సొమ్ము తీసుకొన్నది. కాని మీటరు 24,950 దాటేవరకు కొత్త సంస్థ ఒక్క యూనిట్ కూడా లెక్కించలేదు. రెండు సంస్థల ధరల మధ్య వ్యత్యాసం యూనిట్‌కు 3 పెన్నీలు అనుకొన్నచో నష్టం 9 పౌండ్లు మాత్రమే.

అనగా, సంఖ్య తప్పైనా ఉమ్మడిగా ఉన్నంతవరకు నష్టం ధరల తేడాకే పరిమితం. సంఖ్యలు రెండైనచో మొత్తం విలువకే ఎసరు. వివాదం వచ్చినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న "ఈ రీడింగు సరియైనదా?" అన్నది కాదు, "రెండు బిల్లులలోనూ ఒకే రీడింగు ఉన్నదా?" అన్నది. ఈ ఒక్క విషయం గుర్తున్న వారికి సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

సంఖ్య ఎక్కడ తప్పుతుంది?

సాధారణ పద్ధతి ఇది. మారే తేదీకి కొద్ది రోజులు అటూ ఇటుగా కొత్త సంస్థ వినియోగదారుని రీడింగు అడుగుతుంది. ఆ సంఖ్యను పూర్వపు వినియోగంతో సరిపోల్చి, సబబుగా ఉన్నచో మారే తేదీకి సర్దుబాటు చేసి, పాత సంస్థకు కూడా పంపుతారు. అందువలన మనం చెప్పిన సంఖ్యకు, బిల్లులో వచ్చిన సంఖ్యకు నాలుగైదు యూనిట్ల తేడా ఉన్నచో కంగారు పడనవసరం లేదు. రీడింగు ఇవ్వనిచో అంచనా వేస్తారు. చిక్కులు ప్రధానంగా ఇక్కడి నుండే పుడతాయి.

రెండవ చిక్కు పగలు–రాత్రి మీటర్లది. రాత్రి ఏడు గంటల పాటు చౌక ధర వర్తించే పథకంలో ఉన్న ఇండ్లకు రెండు రీడింగులు ఉంటాయి. పగటి సంఖ్యను రాత్రి గడిలో, రాత్రి సంఖ్యను పగటి గడిలో వ్రాసినచో ఖాతా మొత్తం తారుమారగును.

మూడవది గ్యాసు మీటరు. పాత మీటర్లు వందల ఘనపుటడుగులలోను, కొత్తవి ఘనమీటర్లలోను కొలుస్తాయి. బిల్లు మాత్రం విద్యుత్తు వలెనే కిలోవాట్ గంటలలో వస్తుంది. ఒక ఘనమీటరు గ్యాసు సుమారు 11 కిలోవాట్ గంటలకు సమానం. పాత మీటరులో ఒక అంకె కదలిక వంద ఘనపుటడుగులు, అనగా 2.83 ఘనమీటర్లు. అది సుమారు 31 కిలోవాట్ గంటలకు సమానం. కొత్త సంస్థ రికార్డులలో మీటరు రకం తప్పుగా నమోదైనచో, రీడింగు సరియైనదే అయినా బిల్లు దాదాపు మూడు రెట్లు పెరగవచ్చును, లేదా మూడవ వంతుకు తగ్గవచ్చును. తగ్గినదని సంతోషించుట కూడా ప్రమాదమే. ఆ బకాయి తరువాత తిరిగి రాక మానదు.

నాల్గవది అపార్ట్‌మెంట్లలో వచ్చే చిక్కు. మీటర్లన్నీ ఒకే గదిలో వరుసగా ఉన్నప్పుడు పొరుగువారి మీటరు చూసి రీడింగు పంపుట, ఒక ఫ్లాట్‌కు బదులు మరొక ఫ్లాట్ ఖాతా మారిపోవుట జరుగుతుంటాయి. మీటరుపై చెక్కిన క్రమసంఖ్య బిల్లులోని సంఖ్యతో సరిపోవుచున్నదో లేదో చూచుకొనుటయే దీనికి విరుగుడు.

ముల్లులు గల పాత డయల్ మీటర్లు ఇంకనూ కొన్ని ఇండ్లలో ఉన్నాయి. వాటిలో ప్రక్కప్రక్కన ఉన్న డయళ్లు పరస్పరం వ్యతిరేక దిశలలో తిరుగుతాయి. ఎడమ నుండి కుడికి చదువుతూ, ముల్లు రెండు అంకెల మధ్య నిలిచినప్పుడు అది దాటి వచ్చిన అంకెనే తీసుకొనవలెను. 9కి 0కి మధ్య ఉన్నప్పుడు 9 అని వ్రాయవలెను.

స్మార్టు మీటర్లు వచ్చిన తరువాత ఈ బాధ తీరినదని కొందరి అభిప్రాయం. కొంతవరకు నిజమే. అయితే తొలితరం స్మార్టు మీటర్లలో చాలావరకు సంస్థ మారగానే మూగబోయేవి. తరువాతి కాలంలో వాటిని ఉమ్మడి సమాచార వ్యవస్థకు అనుసంధానించుట మొదలుపెట్టినారు. మీటరు ఎంత తెలివైనదైనా, మారే దినమున స్వయంగా ఒకసారి చూచి వ్రాసుకొనుట వలన నష్టమేమీ లేదు.

క్యాలెండరు చెప్పిన సాక్ష్యం

మాతో పాటు కంట్రోల్ రూములో మూడు దశాబ్దాలు పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దలు ఒకరు, కుమార్తె ఇంట ఆరు నెలలు గడుపుటకు ఇంగ్లండు వెళ్లినారు. షిఫ్టులో గంట గంటకు లాగ్ షీటు నింపిన చేయి ఊరకుండునా? ప్రతి ఆదివారం ఉదయం కాఫీ త్రాగి, మెట్ల క్రింది అలమారలోని మీటరు చూచి, గోడకు తగిలించిన తెలుగు క్యాలెండరులో తిథి వారాల ప్రక్కన ఆ సంఖ్య వ్రాసేవారు. "ఇదేం పని నాన్నా" అని కుమార్తె నవ్వేదట.

ఆ నడుమనే వారు సరఫరా సంస్థ మారినారు. పని ఒత్తిడిలో కుమార్తె రీడింగు పంపలేదు. పాత సంస్థ చివరి బిల్లు వాస్తవానికి 1,100 యూనిట్లు అధికంగా వచ్చినది. పాత వారిని అడిగితే "కొత్త వారు పంపిన సంఖ్య" అన్నారు. కొత్త వారిని అడిగితే "పాత వారితో తేల్చుకొనండి" అన్నారు. రెండు నెలలు ఇట్లే గడిచినవి. నెలసరి వాయిదాలలో ఇల్లు నడుపుకొనే ఆ యువ దంపతులకు అది చిన్న మొత్తం కాదు.

పెద్దాయన క్యాలెండరు దించి, పదునాలుగు ఆదివారాల రీడింగులను ఒక పట్టికగా వ్రాసినారు. వారానికి 55 నుండి 65 యూనిట్ల చొప్పున పెరుగుతూ వచ్చిన సంఖ్య, మారిన వారంలో మాత్రం అమాంతం 1,100 ఎట్లు దూకినది? పైగా మారిన తరువాతి ఆదివారం మీటరు చూపిన సంఖ్య ప్రారంభ రీడింగు కంటె తక్కువ. మీటరు వెనుకకు తిరగదు గదా! మీటరు ఫొటో జతచేసి ఆ పట్టికను రెండు సంస్థలకూ ఒకేసారి పంపినారు. మూడు వారాలలో ఇద్దరూ ఒకే సవరించిన రీడింగుకు అంగీకరించి బిల్లులు తిరిగి వ్రాసినారు. ఇందులో ఇంజనీరింగ్ విద్య ఏమీ లేదు. క్రమం తప్పక వ్రాసిన లాగ్ మాత్రమే ఉన్నది.

పాటించవలసిన జాగ్రత్తలు

2022 జులై 18 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం మార్పు ఐదు పనిదినాలలో పూర్తి కావలెను. మనసు మార్చుకొనుటకు పదునాలుగు రోజుల వ్యవధి కూడా ఉంటుంది. మారే దినమున మీటరు క్రమసంఖ్య, రీడింగు రెండూ ఒకే ఫొటోలో కనబడునట్లు తీసి, తేదీతో భద్రపరచవలెను. దశాంశ బిందువు తరువాతి అంకెలను, ఎర్రని అంకెలను వదలివేయవలెను. పాత సంస్థ చివరి బిల్లు ఆరు వారాలలోపు రావలెను. అది వచ్చువరకు పాత ఖాతా వివరాలు పారవేయరాదు.

ఫిర్యాదు ఎనిమిది వారాలలో పరిష్కారం కానిచో ఎనర్జీ ఆంబుడ్స్‌మన్‌కు ఉచితంగా విన్నవించుకొనవచ్చును. వినియోగదారుని తప్పిదం లేనప్పుడు, పన్నెండు నెలలకు పూర్వం వాడిన విద్యుత్తుకు కొత్తగా బిల్లు వేయరాదన్న నియమం 2018 నుండి ఉన్నది.

కొన్ని సందర్భాలలో మన ప్రమేయం లేకుండానే సంస్థ మారుతుంది. 2021లో టోకు గ్యాసు ధరలు విపరీతంగా పెరిగినప్పుడు అక్కడ పాతికకు పైగా సరఫరా సంస్థలు మూతపడినవి. నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ వారి ఖాతాదారులను ఇతర సంస్థలకు అప్పగించినది. అట్టి వేళ వారికి ఇచ్చిన మొదటి సలహా – వెంటనే మీటరు రీడింగు వ్రాసి ఉంచుకొనండి, అన్నదే.

మన దేశంలో

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. ముంబైలో టాటా పవర్ సంస్థ గృహ వినియోగదారులకు కూడా విద్యుత్తు అమ్మవచ్చునని 2008 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2009 అక్టోబరులో మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఇచ్చిన ఉత్తర్వుతో, నాటి రిలయన్స్ సంస్థ తీగల మీదనే టాటా విద్యుత్తును పొందే అవకాశం శివారు ప్రాంతాల వారికి కలిగినది. తీగలు వాడుకొన్నందుకు వాటి యజమానికి రుసుము చెల్లించవలెను. రిలయన్స్ వారి ఆ వ్యాపారం 2018లో అదానీ సంస్థకు బదిలీ అయినది. ఒకే ప్రాంతంలో పలు సంస్థలు ఒకే తీగలపై సరఫరా చేయుటను విస్తరించే విద్యుత్ సవరణ బిల్లును 2022 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టి స్థాయీ సంఘానికి పంపినారు.

తెలుగు రాష్ట్రాలలో గృహ వినియోగదారునికి అట్టి ఎంపిక లేదు. అయినప్పటికీ ప్రారంభ రీడింగు మన జీవితంలోనూ ఉన్నది. బదిలీపై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు, కొత్త క్వార్టరులో చేరినప్పుడు, అద్దె ఇంటికి మారినప్పుడు, పాత మీటరు తీసి కొత్తది బిగించినప్పుడు మన ముందు నిలిచేది ఆ సంఖ్యయే. పైగా మనకు స్లాబుల పద్ధతి ఉన్నది. ముందున్న వారు వాడిన యూనిట్లు మన నెలలో కలిసినచో యూనిట్ల భారమే గాక, పై స్లాబు ధర కూడా మీద పడవచ్చును. కనుక తాళం చేతులు అందుకొనుటకు ముందే, ఇచ్చువారు, పుచ్చుకొనువారు, ఎలక్ట్రికల్ విభాగపు ప్రతినిధి కలిసి రీడింగు వ్రాసి సంతకాలు చేయుట మేలు. కొత్త మీటరు బిగించినప్పుడు పాత మీటరు చివరి సంఖ్యను, కొత్తదాని మొదటి సంఖ్యను కూడా వ్రాయించుకొనవలెను. పాత మీటరు స్టోర్సుకు చేరిన పిమ్మట దానిని అడిగే అవకాశం ఎవరికీ ఉండదు.

బదిలీ ఉత్తర్వులు వచ్చే మాసాలు సమీపించినప్పుడు గ్యాసు, పాలు, పిల్లల టి.సి.లతో పాటు ఈ చిన్న పనిని కూడా జాబితాలో చేర్చుకొనవలసినదిగా మన గృహిణులను, సహోద్యోగులను కోరుచున్నాము. దానికి పట్టే సమయం రెండు నిమిషాలు, కావలసిన సాధనం ఒక కలం.