రాయి రాజుకుంటేనే... తుపాకి పేలేది!

తూటా ఉండదు. మ్యాగజైన్ ఉండదు. కాస్త నల్లమందు, ఒక సీసపు గుండు, చిన్న గుడ్డముక్క, చెకుముకి రాయి... ఇంతే సరంజామా. ఒక్కసారి పేల్చడానికి బోలెడు తతంగం. అయినా ఆ తుపాకే ముద్దంటారు అమెరికాలో వేలమంది!

పదిహేడో శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న 'ఫ్లింట్‌లాక్' రెండు వందల ఏళ్లు యుద్ధరంగాన్ని ఏలింది. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు మోసిన 'బ్రౌన్ బెస్' కూడా ఈ రకమే. పందొమ్మిదో శతాబ్దంలో కొత్తరకాలు రావడంతో మూలనపడ్డా, అభిమానులు వదల్లేదు. 1933లో ఏర్పడిన 'నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్' ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో పోటీలు నిర్వహిస్తుంటుంది. పెన్సిల్వేనియాలోనైతే 1974 నుంచి ఫ్లింట్‌లాక్‌తో జింకల వేటకు ప్రత్యేక సీజనే ఉంది.

ఎలా పేలుతుంది?

ట్రిగ్గర్ నొక్కగానే బిగించి ఉన్న చెకుముకి రాయి ముందుకు దూకి ఉక్కు రేకును గీరుతుంది. రవ్వలు రాలి, కింద చిన్న పళ్లెంలోని మెత్తటి మందు భగ్గుమంటుంది. గొట్టం పక్కనున్న సన్నని రంధ్రంలోంచి ఆ నిప్పు లోపలికి పాకితేనే గుండు బయటికొచ్చేది. పళ్లెంలో మంట లేచి తుపాకి పేలకపోతే? ఆర్భాటమే తప్ప ఫలితం లేని పనిని ఆంగ్లంలో 'ఫ్లాష్ ఇన్ ద పాన్' అనేది అందుకే!

తొలి పాఠాలు

కొత్తవాళ్లు చాలామంది .50 క్యాలిబర్ రైఫిల్‌తో మొదలెడతారు. ముందుగా గొట్టంలోకి కడ్డీ దించి ఖాళీగా ఉందో లేదో చూడాలి. తర్వాత మందు. సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్లలో కలిసిన నల్లమందే వాడాలి. ఆధునిక పొగరాని మందు పోస్తే గొట్టమే పగిలిపోవచ్చు. డబ్బాలోంచి నేరుగా ఒంపకూడదు. లోపల నిప్పు కణం మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే పేలుతుంది. అందుకే కొలపాత్రతో కొలిచి పోయాలి.

జిడ్డు రాసిన గుడ్డముక్కలో గుండును చుట్టి, మందును తాకేదాకా కడ్డీతో దించాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టానికే ప్రమాదం. పళ్లెంలో మందు వేయడం మాత్రం చిట్టచివర... గురిపెట్టే ముందే. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. ముఖానికి దగ్గర్లోనే మంట లేస్తుంది మరి!

అసలు పరీక్ష ఇక్కడే. నొక్కడానికీ పేలడానికీ మధ్య రెప్పపాటు జాప్యం ఉంటుంది. ఆలోపు ఉలిక్కిపడితే గురి గోవిందా. గుండు వెళ్లేదాకా కదలకుండా నిలబడటమే విద్య. పేలకపోతే కంగారుపడి తుపాకి తిప్పకూడదు. లక్ష్యం వైపే ఉంచి కనీసం నిమిషం ఆగాలి. నిప్పు ఆలస్యంగా అంటుకోవచ్చు.

ఆట ముగిశాకా పని మిగిలే ఉంటుంది. నల్లమందు మసి గాల్లోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. అదేరోజు వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాల్సిందే.

పాతకాలం ఆయుధమే కదా అని మన దగ్గర సరదాపడటానికి లేదు. గొట్టంలో మందు కూరే తుపాకికైనా సాధారణంగా లైసెన్సు కావాల్సిందే. అక్కడైనా, ఇక్కడైనా ఈ తుపాకి మొదట కోరేది బలం కాదు... ఓపిక!