పక్షవాతమునకు మందు దొరికిన విధము

వేకువనే లేచి పెరటిలో ముఖము కడుగుకొనుచున్న పెద్దాయన చేతినుండి చెంబు ఉన్నట్టుండి జారిపడును. దానిని తీయబోవును, చేయి మాట వినదు. కోడలిని పిలువబోవును, మాట ముద్దగా వచ్చును, మూతి ఒక వైపునకు వంగిపోవును. నొప్పి మాత్రము తరచుగా ఉండదు. ఈ వ్యాధిలోని పెద్ద మోసము అదియే. నొప్పి లేదుగదా, కొంతసేపు పడుకొన్నచో తగ్గునని ఇంటివారు మంచము వాల్చుదురు, చేతికి నూనె పట్టింతురు, ఇంతలో ప్రొద్దెక్కిపోవును.

పక్షమనగా ప్రక్క. శరీరమున ఒక ప్రక్కను వాతము పట్టుకొన్నదని తలచి పూర్వులు దీనికి పక్షవాతమని పేరిడిరి. పేరు నిలిచినది గాని, దోషము చేతిలోను లేదు, కాలిలోను లేదు, మెదడులో నున్నది. స్విట్జర్లాండు దేశమున షాఫ్‌హౌజెన్ పట్టణపు వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫెర్, ఈ వ్యాధిచే మరణించినవారి శరీరములను కోసి పరీక్షించి, మెదడులో రక్తము చిమ్మియుండుటను చూచెను. మెదడునకు రక్తము తెచ్చు ధమనులు మూసికొనిపోయినను ఈ వ్యాధి కలుగవచ్చునని గ్రహించెను. ఆయన గ్రంథము 1658లో వెలువడినది.

కృష్ణా గోదావరి డెల్టాలలోని కాలువలను ఎరిగినవారికి ఈ రెండు విధముల భేదము సులభముగా బోధపడును. కాలువ పూడినచో క్రింది పొలము ఎండును. గట్టు తెగి గండి పడినను క్రింది పొలమునకు నీరందదు. పైగా గండి ప్రక్కనున్న చేను మునుగును. ఎండిన పైరును మాత్రమే చూచినవానికి పైన ఏది జరిగినదో తెలియదు. పక్షవాతమును అట్టిదే. పడిపోయిన చేయిని చూచి ధమని పూడినదో చిట్లినదో చెప్పుట కష్టము. పూడిక తీయు మందును గండి పడినవానికి ఇచ్చినచో ప్రాణమునకే ముప్పు. అందుచేత చాలకాలము వైద్యుల చేతులు కట్టివేసినట్లే యుండెను. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అను ఆంగ్ల ఇంజనీరు రూపొందించిన సి.టి. స్కాన్ యంత్రముతో 1971 అక్టోబరు 1వ తేదీన లండనులో మొట్టమొదటిసారిగా ఒక రోగి మెదడును చిత్రించిరి. క్రొత్తగా చిమ్మిన రక్తము ఆ చిత్రములో తెల్లగా కనబడును. యంత్రము మెరుగుపడిన కొలది గండి సంగతి నిమిషములలో తేలిపోసాగెను.

ఇక పూడిక తీయుట యెట్లు? రక్తపుగడ్డను కరిగించు పదార్థ మొకటి మన శరీరములోనే స్వల్పముగా పుట్టుచున్నది. దానిని ప్రయోగశాలలో తయారుచేసి టి.పి.ఎ. అని పిలిచిరి. గుండెపోటు వచ్చినవారికి అది మేలు చేసెను. మెదడు విషయమున భయము వేరు. గడ్డ కరుగుటతోపాటు క్రొత్తగా రక్తస్రావము కలుగవచ్చును. మేలెంత, కీడెంత యనుట ఊహచేత తేలునది కాదు.

1991 జనవరిలో అమెరికాలోని జాతీయ నాడీవ్యాధుల సంస్థ ఆధ్వర్యమున ఒక పరీక్ష ప్రారంభమై 1994 అక్టోబరు వరకు సాగెను. 624 మంది రోగులు చేరిరి. లక్షణములు కనబడిన మూడు గంటలలోపల మందు పడవలెనని నియమము. ఎవరికి అసలు మందు ఇవ్వవలెను, ఎవరికి మందు లేని ద్రావణము ఇవ్వవలెను అనునది చీట్లు వేసినట్లు నిర్ణయమగును. పైకి రెండును ఒక్క తీరుననే యుండును. ఇచ్చు వైద్యునికిని తెలియదు, పుచ్చుకొను రోగికిని తెలియదు.

ఆపదలోనున్న సగముమందికి వట్టి ద్రావణ మిచ్చుట క్రూరము కాదా? అడుగదగిన ప్రశ్నయే. ఆ సంవత్సరములలోనే స్ట్రెప్టోకినేజ్ అను మరియొక మందును యూరపులోను ఆస్ట్రేలియాలోను ఇట్లే పరీక్షించిరి. మందు పొందినవారిలో మరణములు హెచ్చుట చూచి ఆ పరీక్షలను నడుమనే ఆపివేయవలసి వచ్చెను. అచ్చట మందు దక్కనివారే అదృష్టవంతులు. చీటి తీయునాటికి అదృష్ట మెవరిదో ఎవరికిని తెలియదు. తెలిసియున్నచో పరీక్షయే అక్కరలేదు.

అమెరికా పరీక్ష ఫలితములు 1995 డిసెంబరులో ప్రకటితమైనవి. ఆ పరీక్షలోని రెండవ భాగమున మూడు నెలల పిమ్మట చూడగా, వైకల్యము లేకుండగనో దాదాపు లేకుండగనో కోలుకొన్నవారు మందు పొందినవారిలో నూటికి 39 మంది, పొందనివారిలో 26 మంది. భయపడినదియు నిజమే అయినది. మెదడులో రక్తము చిమ్మి స్థితి దిగజారినవారు మందు పొందినవారిలో నూటికి ఆరుగురికి మించిరి. పొందనివారిలో ఒక్కరికంటెను తక్కువ. అయినను మొత్తముమీద మరణములు పెరుగలేదు. 1996లో ఆ దేశ ప్రభుత్వము ఈ చికిత్సకు అనుమతి నిచ్చెను. 2008లో యూరపున జరిగిన వేరొక పరీక్ష గడువును నాలుగున్నర గంటలకు పొడిగించెను.

పెద్ద ధమని పూడినపుడు ఒక్క నిమిషమునకు దాదాపు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో ఒక అమెరికా వైద్యుడు లెక్కగట్టెను. నూనె పట్టించుటలో గడచిన గంట ఎంత ఖరీదైనదో దీనినిబట్టి ఊహింపవచ్చును. పెద్ద గడ్డలు మందునకు తరచుగా లొంగవు. అట్టివానిని తొడ మొదటి ధమనిగుండ సన్నని గొట్టమును మెదడువరకు పంపి బయటికి లాగు పద్ధతిని నెదర్లాండ్సులో 500 మందిపై పరీక్షించిరి. 2015లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము, తమ పనులు తాము చేసికొనగలిగినవారు నూటికి 19 నుండి 33కు పెరిగిరి.

ప్రాణము దక్కిన పిమ్మట శరీరమును మరల స్వాధీనమునకు తెచ్చుకొనుట వేరొక పోరాటము. రోగిని ఎంత త్వరగా లేపి నడిపించిన అంత మంచిదని పెక్కుమంది నమ్మిరి. ఐదు దేశములలో 2104 మందిపై దీనిని పరీక్షించిరి. మొదటి దినముననే లేపి, మాటిమాటికిని సాధన చేయించిన రోగులలో నూటికి 46 మంది బాగుగా కోలుకొనగా, మామూలు పద్ధతిలో చూచినవారిలో 50 మంది కోలుకొనిరి. తొందర నష్టము చేసినదన్నమాట. ఎంత మంచి నమ్మకమైనను తూనికకు ఎక్కవలసినదే.

భారతదేశమున అంగసాధన నేర్పు నిపుణులు చాలినంతమంది లేరు. ఆ విద్యను ఇంటివారికే నేర్పినచో నెట్లుండును? ఈ ప్రశ్నతో దేశములోని 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులను చేర్చుకొనిరి. సగముమంది కుటుంబములకు శిక్షణ నిచ్చిరి. ఆరు నెలలకు లెక్క చూడగా, మరణించినవారును పరులపై ఆధారపడినవారును కలిసి రెండు వర్గములలోను నూటికి 47 మందియే. ఇంటివారి సేవ వ్యర్థమని దీని యర్థము కాదు. శిక్షణ లేని కుటుంబములును తమవారికి సేవ చేయుచునే యుండెను. శిక్షణవలన ఆశించిన అదనపు లాభము మాత్రము కనబడలేదు. పరిశోధకులు ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా 2017లో ప్రకటించిరి.