ఇంజను లేని విమానం



వేసవిలో మిట్టమధ్యాహ్నం బెంగుళూరు బ్రూక్‌ఫీల్డ్ పక్కనున్న కుందలహళ్ళి చెరువు గట్టున నిలబడి తల పైకెత్తి చూడండి. చెరువు నీళ్ళ మీదకంటే, ఎండకు కాగిన అపార్టుమెంటుల మిద్దెల మీద గద్దలు ఎక్కువగా తిరుగుతుంటాయి. రెక్కలు చాపి, ఒక్కసారైనా వాటిని ఆడించకుండా, సుడి తిరుగుతూ చుక్కంత అయ్యేదాకా పైకి పోతాయి. మన పల్లెల్లో కళ్ళం మీద, దుక్కి దున్నిన చేల మీద కూడా ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. రెక్క ఆడించకుండా పైకి పోవడానికి గద్దకు బలం ఎక్కడిది? దీని జవాబు మీద ఆధారపడిందే గ్లైడరు, అంటే ఇంజను లేని విమానం.

ఎండ నేలనంతటినీ ఒకేలా వేడి చేయదు. నీరు నెమ్మదిగా కాగుతుంది. పచ్చని చెట్ల నీడ చల్లగా ఉంటుంది. సిమెంటు మిద్దె, ఎర్రమట్టి దుక్కి, రాతి గుట్ట త్వరగా వేడెక్కుతాయి. వాటిని ఆనుకున్న గాలి వేడెక్కి, తేలికై, స్తంభంలా పైకి లేస్తుంది. దీన్ని థర్మల్ అంటారు. అనంతపురం, కోలారు ప్రాంతాల వారికి ఇది కొత్త కాదు. ఎండాకాలంలో దుమ్మును, ఎండుటాకులను ఎత్తుకుని చేలో పరుగులు పెట్టే సుడిగాలి ఉందే, అది చాలాసార్లు థర్మల్ మొదలే. దాని కొస చల్లని పొరలను తాకినచోట దూదిపింజ లాంటి మబ్బు కడుతుంది. గ్లైడరు నడిపేవారికి ఆ మబ్బే గుర్తు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గ్లైడరు తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పుడూ కిందికే జారుతుంది. కిందికి జారడమే దాని ఇంధనం. మరి పైకి ఎలా పోతుంది? బావిలోనుంచి తోడుతున్న బొక్కెన లోపలి గోడ మీద చీమ కిందికి పాకుతోందనుకోండి. చీమ దిగుతూనే ఉంటుంది, కాని బొక్కెనతో పాటు గట్టుకు చేరుతుంది. గ్లైడరు సెకనుకు ఒక మీటరు లోపే దిగుతుంది. మంచి వేసవి థర్మల్ సెకనుకు రెండు మూడు మీటర్లు లేస్తుంది. మిగిలిన తేడా అంతా లాభమే.

ఇప్పుడు లెక్క వేద్దాం. మామూలు శిక్షణ గ్లైడరు ఒక మీటరు దిగేలోపు దాదాపు 30 మీటర్లు ముందుకు పోతుంది. పోటీల్లో వాడే మేలురకం 50 మీటర్లు దాటుతుంది. బ్రూక్‌ఫీల్డ్ మీద కిలోమీటరు ఎత్తులో మీరు శిక్షణ గ్లైడరులో ఉన్నారనుకోండి. ఊహకేనండోయ్, అది హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం పొరుగు ఆకాశం, అనుమతి లేకుండా ఎగరనివ్వరు. గాలి నిలకడగా ఉంటే తూర్పున సుమారు 24 కిలోమీటర్ల దూరంలోని మాలూరు చేరేసరికి 800 మీటర్లు ఖర్చవుతుంది. 200 మీటర్లు మిగులుతుంది. అది దిగడానికే సరి. కోలారు పోవాలంటే పక్షి దారిన సుమారు 48 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడో ఒక థర్మల్ దొరకాలి, దానిలో గద్దలా తిరిగి పోయిన ఎత్తును మళ్ళీ సంపాదించుకోవాలి. మాలూరు ఇటుక బట్టీల పొగ ఏ వైపు వాలుతోందో చూస్తే గాలి దిక్కు తెలుస్తుంది. కుప్పం దాకా అయితే 70 కిలోమీటర్ల పైమాటే, రెండు మూడు థర్మల్స్ కావాలి. దొరక్కపోతే? ఆ ప్రశ్న దగ్గరికి తర్వాత వద్దాం. ఈ విద్యకు ప్రాణం అక్కడే ఉంది.

బ్రూక్‌ఫీల్డుకు దగ్గరలోనే ఈ విద్యకు సంబంధించిన చరిత్ర కూడా ఉంది. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ సహకారంతో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించారు. ఇప్పటి హెచ్.ఏ.ఎల్.కు మూలం అదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ డాక్టర్ వి.ఎం. ఘాటగే పదిమందిని మోసే జి-1 అనే గ్లైడరును రూపొందించారు. ఆయన జర్మనీలో ప్రాంట్ల్ మహాశయుని శిష్యుడు. తర్వాత హెచ్.టి-2 శిక్షణ విమానాన్ని తయారు చేసిన బృందానికి నాయకుడూ ఆయనే. పాత విమానాశ్రయం రోడ్డులో 2001లో తెరిచిన హెచ్.ఏ.ఎల్. మ్యూజియంకు సెలవురోజున పిల్లలను తీసుకుపోతే ఆ కాలం కొంత కళ్ళకు కడుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో పూణే దగ్గర హడప్సర్‌లో ప్రభుత్వ గ్లైడింగ్ కేంద్రం ఏర్పడింది. ఢిల్లీలో పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం మన దేశపు గ్లైడర్లను రూపొందించింది. వాటి పేర్లు వినండి. అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. నక్షత్రాల వరస! 1958లో అశ్వినితో మొదలై, 1979లో ఎగిరిన ఆర్ద్ర దాకా వచ్చింది. కార్తెలు లెక్కపెట్టి విత్తనాలు చల్లే మన రైతులకు ఈ పేర్లు నోటికి వచ్చినవే. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండే దక్కను పీఠభూమి మీద గ్లైడరుకు గొప్ప బలం. మృగశిరతో తొలకరి వచ్చి నేల తడిసిందంటే థర్మల్స్ చల్లారిపోతాయి. పేరు పెట్టినవారు ఇదంతా ఆలోచించారో లేదో గాని, నాకు మాత్రం ముచ్చటగా ఉంది.

గ్లైడరును పైకి లేపడానికి మరో చిన్న విమానంతో లాగించవచ్చు, లేదా నేలమీద యంత్రానికి చుట్టుకునే పొడవైన ఉక్కుతాడుతో లాగవచ్చు. రెండో పద్ధతిలో గాలిపటంలాగే నిమిషంలోపు మూడు నాలుగు వందల మీటర్లు లేస్తుంది. తాడు వదిలించుకున్నాక పైలట్‌కు తోడు గాలి ఒక్కటే.

ఇక సిమ్యులేటరు సంగతి. ఇది కంప్యూటరుతో పుట్టిన వస్తువు కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రిది ఆర్గన్లు, పియానోలు చేసే కర్మాగారం. హార్మోనియం తిత్తుల వంటి ఆర్గన్ తిత్తులతోనే 1929లో ఆయన నేలమీద ఊగే నకిలీ విమానం తయారు చేశాడు. యుద్ధకాలంలో లక్షల మంది దానిలో నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ పని ఇంటి కంప్యూటరు చేస్తోంది. గ్లైడర్ల కోసమే తయారైన కాండర్ అనే సిమ్యులేటరు 2005లో వచ్చింది. దానిలో ఎండ, గాలి, మబ్బు, కొండవాలు అన్నీ లెక్కకు వస్తాయి. 2020లో కరోనా వల్ల మైదానాలు మూతపడ్డప్పుడు ఐరోపాలో ఎందరో గ్లైడరు పైలట్లు దీనిలోనే పోటీలు పెట్టుకున్నారు. బ్రూక్‌ఫీల్డ్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసే మన సరిహద్దు జిల్లాల పిల్లలు రాత్రి గదిలో కూర్చుని ఆల్ప్స్ కొండల మీద ఎగరవచ్చు. అది ఉత్త ఆట అని తల్లిదండ్రులు కొట్టిపారేయనక్కరలేదు. థర్మల్ మధ్యలోకి ఎలా చేరాలి, ఎదురుగాలిలో ఎంత వేగం ఉంచాలి, ఎత్తును దూరంగా ఎలా మార్చాలి, ఇవన్నీ దానిలో వస్తాయి.

రానివి కొన్ని ఉన్నాయి. నిజమైన గ్లైడరులో థర్మల్ తగిలిందని మొదట చెప్పేది మీటరు కాదు, కూర్చున్న పీట. నడుం కింద ఎవరో ఎత్తినట్టవుతుంది. ముందు అద్దం మీద చిన్న ఉన్ని దారం అంటించి ఉంటుంది. అది నిటారుగా ఉంటే విమానం సూటిగా పోతున్నట్టు. ఇంత చవకైన పరికరం విమానయానంలో మరొకటి లేదేమో! సిమ్యులేటరుకు అలవాటుపడినవారు మీటర్లకే కళ్ళు అప్పగిస్తారు, బయటికి చూడరు. అదే థర్మల్‌లో మరో గ్లైడరు తిరుగుతూ ఉండవచ్చు.

ఇంతకన్నా పెద్దది మరొకటి. సిమ్యులేటరులో తప్పు జరిగితే ఒక మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మామూలు విమానం దిగబోయి కుదరకపోతే ఇంజను పెంచి మళ్ళీ చుట్టు తిరిగి వస్తుంది. గ్లైడరుకు ఆ రెండూ లేవు. థర్మల్ దొరక్కపోతే ఏం చేయాలన్న ప్రశ్న ఇక్కడికే వస్తుంది. సుమారు 600 మీటర్లు ఉండగానే దిగదగిన చోటు కోసం చూడాలి. 300 మీటర్లకు వచ్చేసరికి ఏ చేనో ఖాయం చేసుకోవాలి. కోలారు దారిలో అయితే నీలగిరి తోపులు, రాతి కూసాల కంచెలు, కరెంటు తీగలు తప్పించుకుని, పంట కోసిన చదునైన చేను ఎన్నుకోవాలి. తీగలు పైనుంచి కనిపించవు, స్తంభాలు చూసి ఊహించాలి. ఇంకొక్క థర్మల్ దొరుకుతుందేమోనని ఆశపడి ఆలస్యం చేసినవారే ఎక్కువగా ప్రమాదాల పాలవుతారు.

1983 జులై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. ఇంధనపు మీటరు పనిచేయక, చేత్తో లెక్క కట్టడంలో కిలోలకు బదులు పౌన్లు పడ్డాయి. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. లోపల 69 మంది. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ గ్లైడరు నడిపిన మనిషి. గిమ్లీ అనే ఊరి పాత వైమానిక స్థావరం దగ్గరికి వచ్చేసరికి ఎత్తు ఎక్కువైంది. గ్లైడరులో చేసినట్టు విమానాన్ని పక్కవాటంగా జార్చి, ఎత్తు తగ్గించి దించాడు. ఒక్క ప్రాణం పోలేదు. తర్వాత కొందరు పైలట్లు సిమ్యులేటరులో అదే ప్రయత్నం చేస్తే విమానం కూలిందని చెబుతారు.

2009 జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి ఇంజన్లు ఆగిన విమానాన్ని హడ్సన్ నదిలో దించిన సల్లెన్‌బర్గర్ కూడా గ్లైడర్లు నడిపినవాడే. విచారణలో సిమ్యులేటరులో పరీక్షించారు. ఇంజన్లు ఆగిన క్షణానే తిప్పితే కొన్నిసార్లు విమానాశ్రయం అందింది. మనిషి ఆలోచించుకోవడానికి 35 సెకన్లు కలిపితే అందలేదు.

ఈ విద్య మీద మోజున్న పిల్లలకు ఒక మాట. మన దేశంలో గ్లైడరు లైసెన్సుకు కనీసం 16 ఏళ్ళు నిండాలి, వైద్యపరీక్ష కూడా ఉంటుంది. కాలేజీలో ఎన్.సి.సి. వైమానిక విభాగం ఉంటే చేరండి, అక్కడ ఇప్పుడు చిన్న ఇంజనుండే మైక్రోలైట్ విమానాలు వాడుతున్నారు. అంతదాకా సిమ్యులేటరే దిక్కయితే, మళ్ళీ మొదలుపెట్టే ఆ మీటను ముట్టుకోకండి. థర్మల్ దొరక్క ఏ చేలోనో దిగవలసివస్తే దిగండి, ఆ రోజుకు కంప్యూటరు ఆపేయండి. మర్నాడు కాగితం మీద రాసుకోండి: చేను ఎన్నుకునేసరికి ఎన్ని మీటర్ల ఎత్తు మిగిలింది?